కల్యాణ మండపంలో వీడియో మ్యాట్రిక్స్ స్విచ్: బిగించడం ఎలా, ఆషాఢం దాటించడం ఎలా

‘‘మ్యాట్రిక్స్ కొన్నామండీ, వైర్లన్నీ కలిపామండీ, తెర మీద బొమ్మ మాత్రం రావడం లేదండీ.’’ ముహూర్తాల రోజులు వచ్చాయంటే నాకు ఈ ఫోను తప్పదు. ఒకసారి రాజోలు నుంచి, ఇంకోసారి పాలకొల్లు నుంచి, మరోసారి భీమవరం నుంచి. ఊరు మారుతుంది, ప్రశ్న మారదు. సమాధానమూ పెద్దగా మారదు. నూటికి తొంభైసార్లు పెట్టె బాగానే ఉంటుంది. తప్పు ఎర్తింగులోనో, కేబులులోనో, సెట్టింగుల్లో ఎవరూ తెరిచి చూడని ఒక పేజీలోనో ఉంటుంది. శ్రావణంలో వచ్చే ఫోన్లు వేరే రకం: ‘‘జ్యేష్ఠంలో బ్రహ్మాండంగా పనిచేసిందండీ, ఇప్పుడు లేవడం లేదు.’’ రెండింటికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నాను.

మాడ్యులర్ మ్యాట్రిక్స్ అంటే ఒక ఇనుప ఫ్రేము, దాని వెనుక స్లాట్లు, ఆ స్లాట్లలోకి జారే కార్డులు. ఇన్‌పుట్ కార్డులకు కెమెరాలు, ల్యాప్‌టాప్‌లు తగిలిస్తాం. అవుట్‌పుట్ కార్డులకు తెరలు. ఏ ఇన్‌పుట్‌ను ఏ అవుట్‌పుట్‌కైనా, ఎన్ని అవుట్‌పుట్లకైనా పంపవచ్చు. వేదిక వెనుక జీలకర్ర బెల్లం, భోజనాల హాలులో ఫొటోల వరుస, గేటు దగ్గర స్వాగతం బోర్డు ఒకేసారి నడుస్తాయి. స్ప్లిటర్‌తో ఇది కుదరదు. అది ఒకే బొమ్మను అందరికీ పంచుతుంది. కార్డు పోతే కార్డునే మారుస్తాం, పెట్టెను కాదు. సిద్ధాంతం ఇంత చాలు.

ఏమేమి కావాలి

- ఫ్రేము. మామూలు మండపానికి 8 ఇన్‌పుట్లు, 8 అవుట్‌పుట్లు చాలు. రెండు హాళ్లు, పైన ఏసీ హాలు, బయట పచ్చిక ఉంటే 16 తీసుకుని సగం స్లాట్లు ఖాళీగా ఉంచండి.
- ఇన్‌పుట్ కార్డులు: ల్యాప్‌టాప్‌లకు హెచ్‌డీఎంఐ, దూరపు కెమెరాలకు ఎస్‌డీఐ (టీవీ కేబులు లాంటి కోయాక్స్ తీగ మీద బొమ్మను దూరం పంపే పద్ధతి).
- అవుట్‌పుట్ కార్డులు: వేదిక తెరకు మాత్రం స్కేలర్ (వచ్చిన బొమ్మను తెరకు సరిపడే కొలతకు, వేగానికి మార్చేది) ఉన్న కార్డే కొనండి. అది లేకపోతే బొమ్మ మార్చిన ప్రతిసారీ తెర ఒకటి రెండు క్షణాలు నల్లబడుతుంది. టీవీలకు మామూలు కార్డు సరిపోతుంది.
- 19 అంగుళాల ర్యాకు, ముందూ వెనుకా గాలి ఆడేలా.
- ఆన్‌లైన్ రకం యూపీఎస్ (మెయిన్ పోయినా క్షణం కూడా తెగకుండా కరెంటు ఇచ్చేది), మల్టీమీటరు, ఒక చిన్న మానిటరు, మంచిదని తెలిసిన 2 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబులు ఒకటి. ఈ కేబులును పరీక్షలకే వాడండి, ఎవరికీ అరువివ్వకండి.
- 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు, మెత్తని బ్రష్షు, సిలికా జెల్, చేతికి కట్టుకునే యాంటీ స్టాటిక్ పట్టీ (ఒంటి మీది స్థిర విద్యుత్తు కార్డుకు తగలకుండా).
- ఒక నోటు పుస్తకం. నవ్వకండి, అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే.

1. ముందు కాగితం మీద గీయండి

పెట్టె విప్పకముందే రెండు వరుసలు రాయండి. ఇన్‌పుట్ 1 మిక్సింగ్ యూనిట్ (కెమెరాల బొమ్మలను కలిపి ఇచ్చేది), 2 వేదిక కెమెరా నేరుగా, 3 ఫొటోల ల్యాప్‌టాప్, 4 గేటు కెమెరా. అవుట్‌పుట్ 1 వేదిక వెనుక ఎల్‌ఈడీ తెర, 2 పక్క తెర, 3, 4 భోజనాల హాలు టీవీలు, 5 గేటు, 6 లైవ్ ఇచ్చే కంప్యూటర్, 7 రికార్డర్. 8వ అవుట్‌పుట్ ఎవరికీ ఇవ్వకండి. దానికి చిన్న మానిటరు తగిలించి ర్యాకు పక్కనే ఉంచండి. పెళ్లికూతురి మేనమామ వచ్చి ఇంకో టీవీ పెట్టమన్నా సరే, అది మీది. వేదిక తెర నల్లబడిన రోజున తప్పు ఇన్‌పుట్ వైపు ఉందా, అవుట్‌పుట్ వైపు ఉందా అన్నది అర నిమిషంలో చెప్పేది ఆ మానిటరే.

2. కరెంటు, ఎర్తింగు చూడకుండా కార్డు ముట్టుకోకండి

మల్టీమీటరును ఏసీ ఓల్టేజీ మీద పెట్టి ర్యాకు సాకెట్టులో మూడు కొలతలు తీయండి. ఫేజు–న్యూట్రల్ 230 ప్రాంతంలో ఉండాలి. ఫేజు–ఎర్త్ కూడా దాదాపు అంతే ఉండాలి. న్యూట్రల్–ఎర్త్ 2, 3 ఓల్టులు మించకూడదు. తర్వాత జనరేటర్ వేయించి అవే మూడు కొలతలు మళ్లీ తీయండి. మన మండపాల్లో చాలాచోట్ల మెయిన్ మీద సరిగా ఉన్న ఎర్త్ జనరేటర్ మీద ఉండదు.

ఎర్త్ లేదని ఎలా తెలుస్తుంది? ఎల్‌ఈడీ తెర ఫ్రేము మీద చేయి వేస్తే జివ్వుమంటుంది. మీటరు పెడితే ఫ్రేముకూ నిజమైన ఎర్త్‌కూ మధ్య 110 ఓల్టుల చుట్టుపక్కల చూపిస్తుంది. తెర లోపల ఉండే పదుల కొద్దీ ఎస్‌ఎంపీఎస్‌ల (చిన్న పవరు సప్లైల) నుంచి కొంచెం కొంచెంగా కారే కరెంటు అది. ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ గుచ్చారా, కార్డు మీద పోర్టు అక్కడికక్కడే పోవచ్చు. తర్వాత ‘‘కంపెనీ కార్డు నాసిరకం’’ అంటారు.

హెచ్చరిక: ఎర్త్ పిన్ను విరిచేసిన ప్లగ్గులు, రెండు పిన్నుల పొడిగింపు బోర్డులు ర్యాకు దరిదాపుల్లోకి రానివ్వకండి. కోనసీమలో ఎర్త్ గొయ్యిలో నీటి తడికి కొదవ లేదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు నేలల్లో మాత్రం జీఐ పైపు తొందరగా తుప్పు పట్టి లోపలే తెగిపోతుంది. పైకి పైపు బాగానే కనిపిస్తుంది. కాబట్టి గొయ్యిని చూసి కాదు, మీటరును చూసి నమ్మండి. తేడా ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, మీరు తవ్వకండి.

ర్యాకు ఒక ఫేజు మీద, వేదిక తెర వేరే ఫేజు మీద ఉండి ఎర్తులు కూడా వేరువేరైతే, ఆ రెండింటి మధ్య రాగి కేబులు బదులు ఆప్టికల్ కన్వర్టర్ జత (బొమ్మను గాజు తీగలో వెలుగుగా పంపేది) పెట్టుకోండి. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ అని అమ్మే కేబుళ్లలో చాలావాటికి లోపల సన్నని రాగి తీగలూ ఉంటాయి. వాటితో ఎర్తులు పూర్తిగా విడిపోవు.

3. కార్డులు దూర్చండి

పవరు తీసేయండి. స్విచ్చి ఆపడం కాదు, ప్లగ్గు లాగేయండి. మాన్యువల్‌లో పవరు ఉండగానే కార్డు మార్చవచ్చని స్పష్టంగా రాసి ఉంటే తప్ప ఇందులో మినహాయింపు లేదు. చేతికి పట్టీ కట్టుకుని, కార్డును అంచులతో పట్టుకుని, స్లాటులోని రెండు గాడుల్లో సరిగ్గా కూర్చోబెట్టి నెట్టండి. చివరి అర అంగుళంలో కాస్త గట్టిగా తగులుతుంది. రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కితే దిగుతుంది. ఒక మూల దిగి ఇంకో మూల దిగకపోతే బయటికి తీసి మళ్లీ పెట్టండి. బలవంతం చేస్తే వెనుక బోర్డు మీద పిన్ను వంగుతుంది. అప్పుడు మార్చవలసింది కార్డు కాదు, ఫ్రేము. రెండు స్క్రూలూ బిగించండి.

ఖాళీ స్లాట్లకు మూత రేకులు తప్పనిసరి. మూత లేకపోతే ఫ్యాను గాలి దగ్గరి దారి పట్టి కార్డులను చల్లబరచకుండానే బయటికి పోతుంది. ఇంకో కారణం ఉంది, దాని సంగతి కింద చెబుతాను.

సాధారణంగా జరిగే పొరపాటు: వేరే సిరీస్ కార్డు చవగ్గా దొరికిందని కొనడం. కొలత సరిపోయి స్లాటులో దిగినా ఫ్రేము దాన్ని గుర్తించకపోవచ్చు. మోడలు సంఖ్య పూర్తిగా చూసుకోండి.

4. కేబుళ్లు

దూరాన్ని బట్టి ఎంచుకోండి. రాగి హెచ్‌డీఎంఐతో 1080పి (ఫుల్ హెచ్‌డీ) బొమ్మ 10 మీటర్ల వరకు నిశ్చింతగా వెళ్తుంది, 15 అంటే కేబులు నాణ్యత మీద ఆధారపడాలి. 4కె బొమ్మను సెకనుకు 60 ఫ్రేముల (చిత్రాల) చొప్పున పంపాలంటే సెకనుకు 18 గిగాబిట్ల వేగం కావాలి. అక్కడ 5 మీటర్లు దాటితే రాగిని నమ్మను. ఎస్‌డీఐ అయితే మంచి ఆర్‌జీ6 కోయాక్స్ మీద హెచ్‌డీ సిగ్నలు (1.485 గిగాబిట్లు) 100 మీటర్ల దాకా లాగవచ్చు, 3జీ ఎస్‌డీఐకి (2.97 గిగాబిట్లు) అంత దూరం రాదు, తగ్గించుకోండి. దాని చివర తిప్పి బిగించే బీఎన్‌సీ కనెక్టర్లు 75 ఓములవే కావాలి. వాకీటాకీల దుకాణంలో దొరికే 50 ఓములది చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది.

భోజనాల హాలు దూరమైతే హెచ్‌డీబేస్‌టీ కిట్టు (హెచ్‌డీఎంఐ బొమ్మను నెట్‌వర్క్ కేబులు మీద దూరం పంపే జత), క్యాట్6 కేబులు. ఆ కేబులు మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ పెట్టకూడదు. ప్లగ్గు ఒకటే అయినా దానిలో నడిచేది ఇంటర్నెట్ కాదు.

కేబుళ్లు నేల మీద పరిచి పైన కార్పెట్ వేయడం మన పెళ్లిళ్లలో అలవాటు. వడ్డన బండి చక్రం ఒక్కసారి ఎక్కితే కోయాక్స్ లోపల నొక్కుకుపోతుంది, బయటికి కనిపించదు. గోడ వెంట పైపులో వేయండి. వంటశాల వైపు నుంచి అసలు తేకండి, ఎలుకలు అక్కడే ఉంటాయి. రెండు చివర్లా ఒకే సంఖ్య రాయండి. కాగితం స్టిక్కర్లు మన తేమకు నెల రోజుల్లో ఊడిపోతాయి, ఫెర్రూల్ తొడుగులు (తీగకు తొడిగే సంఖ్యల గొట్టాలు) వాడండి.

5. ఈడీఐడీ: అందరూ వదిలేసే పేజీ

ప్రతి తెర దగ్గరా తన గురించి ఒక బయోడేటా ఉంటుంది. పెళ్లి సంబంధానికి ఇచ్చేలాంటిదే: నేను ఇంత పొడుగు, ఇంత వెడల్పు, ఇన్ని ఫ్రేములు తీసుకోగలను అని. సాధారణంగా 256 బైట్లు. దాన్నే ఈడీఐడీ అంటారు. ల్యాప్‌టాప్ అది చదువుకున్నాకే బొమ్మ పంపుతుంది. మ్యాట్రిక్స్‌లో ఒక ఇన్‌పుట్‌కు ఐదు తెరలు ఉండవచ్చు. ఎవరి బయోడేటా చూపించాలి? ‘ఆటో’ అని వదిలేస్తే పెట్టె తనకు తోచినది చూపిస్తుంది. తెరలు ఆన్, ఆఫ్ అవుతున్న కొద్దీ మారుస్తుంది కూడా.

దీనికి నేను చెల్లించిన మూల్యం చెబుతాను. అమలాపురం దగ్గర ఒక పెళ్లి. వేదిక తెర ఉన్నట్టుండి మూడు క్షణాలు నల్లబడి మళ్లీ వస్తోంది. కేబులు మార్చాను, కార్డు మార్చాను, చెమటలు పట్టాయి. గంట తర్వాత గమనిస్తే, భోజనాల హాలులో బంతి లేచినప్పుడల్లా ఒక కుర్రవాడు బల్లలు తుడిచేటప్పుడు టీవీ ఆపి, తర్వాతి బంతికి మళ్లీ వేస్తున్నాడు. అది ఆన్ అయిన ప్రతిసారీ నా మ్యాట్రిక్స్ దాని బయోడేటా కొత్తగా చదివి, ల్యాప్‌టాప్‌కు అందించి, అందరికీ బొమ్మ మొదటి నుంచి పంపిస్తోంది. నాలుగో బంతి సరిగ్గా మంగళసూత్రం దగ్గర లేచింది. తప్పు కుర్రవాడిది కాదు, నాదే.

చేయవలసింది: సెట్టింగుల్లో ప్రతి ఇన్‌పుట్‌కు ఈడీఐడీని స్థిరంగా 1080పి అని పెట్టేయండి, ఆడియో రెండు ఛానళ్లు. 4కె జోలికి పోకండి, ఎల్‌ఈడీ తెరల్లో చాలావాటికి అన్ని పిక్సెళ్లే ఉండవు. మన వీడియోగ్రాఫర్లు ఎక్కువగా 25 లేదా 50 ఫ్రేముల్లో తీస్తారు. మిక్సింగ్ యూనిట్‌ను 1080పి 50 మీద ఉంచమనండి. ల్యాప్‌టాప్ 60 పంపినా స్కేలర్ కార్డు చూసుకుంటుంది. స్కేలర్ లేని కార్డుల మీద 50 నుంచి 60కి మారిన ప్రతిసారీ తెర ఆరి వెలుగుతుంది.

అదే చోట హెచ్‌డీసీపీ అని ఇంకొకటి కనిపిస్తుంది, బొమ్మను కాపీ చేయకుండా వేసే తాళం అది. కొన్ని ల్యాప్‌టాప్‌లు అవతలి వైపు హెచ్‌డీసీపీ ఉందని తెలిస్తే సొంత ఫొటోలకు కూడా తాళం వేసి పంపుతాయి. అప్పుడు వేదిక తెర మీద బొమ్మ ఉంటుంది, రికార్డర్‌లో నలుపు. ఆ ఇన్‌పుట్‌కు హెచ్‌డీసీపీ ఆపేయండి. సెట్‌టాప్ బాక్సుకు ఇది పనిచేయదు. దాన్ని లైవ్‌లోకి పంపే హక్కూ మీకు ఉండదు.

6. కంట్రోలు

ల్యాప్‌టాప్ నుంచి పెట్టెకు నెట్‌వర్క్ తీగ వేసి, రెండూ ఒకే వరుస ఐపీలో (నెట్‌వర్క్ చిరునామాలో) ఉండేలా చూడండి: పెట్టె 192.168.1.100 అయితే మీది 192.168.1.50 లాంటిది. బ్రౌజరులో ఆ సంఖ్య కొడితే పేజీ తెరుచుకుంటుంది. పాస్‌వర్డు మార్చండి. అతిథుల వైఫైకి దీన్ని కలపకండి, విడిగా ఒక చిన్న రూటరు పెట్టండి.

పేజీ తెరుచుకోకపోతే ఆర్‌ఎస్-232 (సీరియల్ పోర్టు) దారి ఉంది. యూఎస్‌బీ–సీరియల్ కేబులు, మామూలుగా 9600 బాడ్, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. వేగం వేరే ఉంటే మాన్యువల్‌లో ఉంటుంది. పాతకాలపుదే, కానీ ముహూర్తం వేళ రూటరు మొరాయిస్తే ఆదుకునేది ఇదే.

తర్వాత ప్రీసెట్లు, అంటే ముందే దాచి ఒక్క నొక్కుతో పిలిచే అమరికలు: ‘ఎదుర్కోలు’, ‘ముహూర్తం’, ‘భోజనాలు’, ‘రిసెప్షన్’. నాలుగు చాలు. ఇరవై చేస్తే ఏది ఏమిటో మీకే గుర్తుండదు. సెట్టింగుల ఫైలును పెన్‌డ్రైవులోకి తీసి ర్యాకు లోపలే వేలాడదీయండి.

7. సరిగా ఉందో లేదో పరీక్షించండి

- ప్రతి ఇన్‌పుట్‌ను ప్రతి అవుట్‌పుట్‌కూ పంపి చూడండి. ఎనిమిదికి ఎనిమిది, 64 సార్లు. విసుగే, కానీ ఒక్క గంట పని.
- రెండు గంటలు నడవనివ్వండి. ముదురు రంగు బొమ్మ మీద తెల్ల చుక్కలు మెరుస్తున్నాయేమో దగ్గరికి వెళ్లి చూడండి.
- డోలు వాయించేవారి ముందు కెమెరా పెట్టండి. పుల్ల డోలు మీద పడిన క్షణానికీ తెర మీద పడిన క్షణానికీ తేడా కంటికి తెలిస్తే స్కేలర్లు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయని అర్థం. 50 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేము ఆలస్యం 20 మిల్లీసెకన్లు. మిక్సరు, మ్యాట్రిక్స్, ఎల్‌ఈడీ ప్రాసెసరు తలా రెండు మూడు కలుపుతాయి. ఒక చోట స్కేలింగ్ ఆపండి.
- మెయిన్ తీసి జనరేటర్ వేయించండి. యూపీఎస్ నిలబెట్టిందా? తర్వాత యూపీఎస్ కూడా ఆపి మళ్లీ వేయండి. పెట్టె పాత అమరికతోనే లేచిందా, లేక ఇన్‌పుట్ 1 అవుట్‌పుట్ 1కి, 2 అయితే 2కి అన్నట్టు మొదటికి వచ్చేసిందా? లేచేందుకు ఎంతసేపు పట్టిందో నోటు పుస్తకంలో రాయండి.

తప్పు కనిపిస్తే

చుక్కలు మెరుస్తున్నాయి: కేబులు పొడవు ఎక్కువ, లేదా నలిగింది. పూర్తి నలుపు: ఈడీఐడీ, హెచ్‌డీసీపీ. బొమ్మ మొత్తం గులాబీ రంగులోనో ఆకుపచ్చగానో ఉంది: ఒకరు ఆర్‌జీబీ పంపుతుంటే ఇంకొకరు వైసీబీసీఆర్ అనుకుంటున్నారు, ఇన్‌పుట్ సెట్టింగులో రంగుల పద్ధతి మార్చండి. స్పీకర్లలో ఝుమ్మని మోత: ఎర్తులు రెండు చోట్ల కలుస్తున్నాయి, 2వ మెట్టుకు వెళ్లండి. ఒకే కార్డులోని పోర్టులన్నీ పోయాయి: కార్డు. అన్ని కార్డులూ పోయాయి: పవరు సప్లై, లేదా కంట్రోలు కార్డు.

వెతికేటప్పుడు ఒకసారి ఒక్కటే మార్చండి. కేబులూ పోర్టూ కలిపి మార్చి ‘‘బాగైంది’’ అంటే ఏది చెడిందో ఎప్పటికీ తెలియదు. చెడ్డ కేబులు మళ్లీ మంచి కేబుళ్ల మధ్యకే వెళ్తుంది.

నిర్వహణ: సీజనులో

ముహూర్తాలున్న వారాల్లో వారానికోసారి ఫ్యాను వడపోత తీసి దులపండి. నెలకోసారి సబ్బునీటిలో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. హోమం నెయ్యి పొగ జిడ్డుగా అంటుకుంటుంది, దాని మీద దుమ్ము పేరుకుంటే దులిపినా రాలదు. ర్యాకు వేదికకు ఆనుకుని ఉంటే తలంబ్రాల బియ్యం పసుపుతో సహా లోపలికి చేరుతుంది. నాకు ఫ్యాను రెక్కల్లో దొరికింది. పై రేకు మీద చేయి ఆనించలేనంత వేడి ఉంటే ఫ్యాను తిరుగుతోందో లేదో ముందు చూడండి.

ఆషాఢంలో

యంత్రం పాడయ్యేది సీజనులో కాదు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, మండపానికి తాళం, బయట వాన, లోపల తేమ. పవరు లేని పెట్టెలో వేడి ఉండదు, తేమ పోయే దారి ఉండదు. ఒక శ్రావణం మొదట్లో నరసాపురం వైపు ఒక ఫ్రేము విప్పాను. బీఎన్‌సీల మీద పచ్చని చిలుము, కార్డు అంచు మీది బంగారు పూత పక్కన నల్లటి మచ్చలు. మూత లేని మూడో స్లాటులో, పవరు సప్లై కింద, రెండు బల్లి గుడ్లు. తల్లి కొంచెం అవతల రెండు టెర్మినళ్ల మధ్య మాడిపోయి ఉంది. ఖాళీ స్లాట్ల మూతల సంగతి కింద చెబుతానన్నది ఇదే.

చేయవలసినవి:

1. వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు, అన్ని కార్డులతో ఆన్ చేసి ఉంచండి. వాచ్‌మన్‌కు చెప్పి, క్యాలెండరులో ఆ తేదీలకు సున్నా చుట్టండి.
2. ర్యాకుకు తలుపు ఉంటే లోపల సిలికా జెల్ సంచులు వేయండి. రంగు మారగానే తీసి వేడి చేసి మళ్లీ వాడవచ్చు. ప్రత్యామ్నాయం: 15 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బు ఒకటి ర్యాకు అడుగున వెలిగించి ఉంచడం. దాని వేడికే తేమ చేరదు. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, వేడి రాదు.
3. ఏసీ హాలులో చల్లబడిన పెట్టెకు బయటి ఉక్క గాలి తగిలితే చల్లని సీసా మీద పట్టినట్టు నీరు పడుతుంది. ఏసీ కారులో తెచ్చిన కార్డును వెంటనే దూర్చకండి. కవరు విప్పకుండా గంటసేపు గదిలో ఉంచండి.
4. ఉరుములు మొదలైతే, తుపాను కబురు వస్తే పవరు ప్లగ్గుతో పాటు పొడవాటి రాగి కేబుళ్లు, నెట్‌వర్క్ తీగ కూడా పీకేయండి. పిడుగు కరెంటు తీగలోంచే రావాలని లేదు, గేటు కెమెరా కోయాక్స్ వెంట కూడా వస్తుంది. వరద వచ్చే ఊళ్లలో ర్యాకును నేల మీద కాక నడుము ఎత్తులో బిగించండి.

శ్రావణం మొదటి ముహూర్తానికి వారం ముందు కార్డులు ఒక్కొక్కటే తీసి, అంచు పూతను ఆల్కహాలు అద్దిన గుడ్డతో ఒకే దిశలో తుడిచి, పది నిమిషాలు ఆరనిచ్చి, ఏ స్లాటుది ఆ స్లాటులోనే పెట్టండి. పెన్సిలు రబ్బరుతో రుద్దకండి, పూత పోతుంది. తర్వాత 7వ మెట్టు మొత్తం మళ్లీ చేయండి.

విడిభాగాల్లో ఒక ఇన్‌పుట్ కార్డు, ఒక అవుట్‌పుట్ కార్డు, ఒక ఫ్యాను దగ్గర ఉంచుకోండి. పవరు సప్లైలు రెండు పట్టే ఫ్రేము అయితే రెండోది ఇప్పుడే బిగించేయండి. హైదరాబాదు నుంచి కార్డు రాత్రి బస్సు పార్సిలులో తెల్లారేసరికి చేరవచ్చు. మన ముహూర్తాలు మాత్రం చాలావరకు ఆ రాత్రిలోనే ఉంటాయి.